ఐబీ స్కూల్లో మూడో తరగతి: పుస్తకాలు లేకుండా ఏం నేర్పుతున్నారు?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్ళు. రెండో తరగతి దాకా సీబీఎస్‌ఈలో చదివాడు. ఈ ఆగస్టులో హైదరాబాద్‌లోనే ఒక ఐబీ స్కూల్లో (ఇంటర్నేషనల్ బాకలారియేట్ సిలబస్) మూడో తరగతిలో చేర్పించాం. టెక్స్ట్‌బుక్కుల్లేవు, మార్కుల్లేవు, హోంవర్కు నామమాత్రం. మా అక్క కొడుకుది కూడా మూడో తరగతే, పదిహేనో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతున్నాడు. మావాడిని ఏడెనిమిదులు ఎంత అంటే పేపరు మీద డబ్బాలు గీస్తున్నాడు. ఇన్ని లక్షలు కట్టి తప్పు చేశామా? అసలు ఈ క్లాసులో ఏం నేర్పుతారో తెలిసినవాళ్ళు చెప్పండి.

సమాధానం:

ముందు ఆ డబ్బాల సంగతి చెప్తాను. మీ టెన్షన్ అంతా అక్కడే ఉన్నట్టుంది.

మీవాడు గీస్తున్నది ఏడు వరసలు, వరసకు ఎనిమిది గళ్ళు అయ్యుంటుంది. ఈసారి గీసేటప్పుడు మాట్లాడకుండా పక్కన కూర్చుని చూడండి. మధ్యలో ఎక్కడో ఒక అడ్డగీత గీస్తాడు. ఐదు వరసల కింద గీత పెడితే పైన ఐదెనిమిదులు నలభై, కింద రెండెనిమిదులు పదహారు, రెండూ కలిపితే యాభై ఆరు. తెలియని గుణకారాన్ని తెలిసిన రెండు గుణకారాలుగా విడగొడుతున్నాడన్నమాట. ఇదే బొమ్మ ఇంకో ఏడాదికో రెండేళ్ళకో 23ని 14తో గుణించడానికి పనికొస్తుంది. హైస్కూల్లో బ్రాకెట్లు విప్పి గుణించేటప్పుడు మళ్ళీ ఇదే బొమ్మ. పదిహేనో ఎక్కం వచ్చిన పిల్లవాడిని "పదిహేను ఏడులు నూట ఐదు కదా, మరి పదహారు ఏడులు ఎంత?" అని అడిగి చూడండి. ఇంకో ఏడు కలిపితే చాలని తట్టే పిల్లలు కొందరే. మిగతావాళ్ళు "పదహారో ఎక్కం ఇంకా చెప్పలేదు ఆంటీ" అంటారు.

అలాగని డబ్బాలు గీస్తూ కూర్చోమని నేను చెప్పను. నేను పద్నాలుగేళ్ళుగా మూడు, నాలుగు తరగతులకు పాఠాలు చెబుతున్నాను. మొదటి ఐదేళ్ళు సీబీఎస్‌ఈలో, ఆ తర్వాత ఐబీలో. నేను పనిచేసిన ఒక స్కూల్లో "అర్థమైతే చాలు, బట్టీ వద్దు" అన్న మాటను పట్టుకుని మూడేళ్ళు ఎక్కాల జోలికే పోలేదు. ఆ పిల్లలు ఐదో తరగతికి వచ్చి పెద్ద భాగహారాల దగ్గర కూలబడ్డారు. పద్ధతి తెలుసు, కానీ ప్రతి మెట్టు దగ్గరా ఆగి వేళ్ళు లెక్కపెట్టుకోవాలి. సగం లెక్కలోనే ఓపిక అయిపోయేది. ఆ ఏడాది మేం టీచర్లం సిగ్గుపడ్డాం. తప్పు మాదే, పిల్లలది కాదు.

ఇంటర్నేషనల్ అంటే ఎక్కాలు అక్కర్లేదని మన దగ్గర ఎవరు పుట్టించారో గానీ, బయటి దేశాల్లో అలా లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే ప్రమాణాల ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి ఒక అంకె సంఖ్యల గుణకారాలన్నీ నోటికి రావాలి. ఇంగ్లండ్‌లో 'ఇయర్ 4' పిల్లలకు, అంటే ఇంచుమించు మన మూడో తరగతి వయసువాళ్ళకు, పన్నెండో ఎక్కం దాకా కంప్యూటర్ మీద పరీక్ష పెడతారు. 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. అంటే డబ్బాలు ఈ తరగతి ముగిసే జూన్‌కల్లా పోవాలి. ఇప్పుడు సెప్టెంబరో అక్టోబరో కదా, ఇప్పుడు గీస్తే నాకేం భయం లేదు.

ఇక పుస్తకాలు లేకపోవడం గురించి.

ఐబీ సంస్థ 1968లో జెనీవాలో మొదలైంది. చిన్నపిల్లల ప్రోగ్రామ్, అంటే మీరు స్కూల్లో పదే పదే వింటున్న 'పీవైపీ', 1997లో వచ్చింది. మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వయసు దాకా. ఇందులో ఐబీ సంస్థ "మూడో తరగతిలో ఈ పాఠం, నాలుగులో ఆ పాఠం" అని పుస్తకం అచ్చువేసి ఇవ్వదు. ఆరు పెద్ద అంశాలు ఇస్తుంది: మనం ఎవరం, మనం ఏ చోట ఏ కాలంలో ఉన్నాం, మనసులో ఉన్నది ఎలా చెప్పుకుంటాం, ప్రపంచం ఎలా పనిచేస్తుంది, మనల్ని మనం ఎలా ఒక వ్యవస్థగా ఏర్పరచుకుంటాం, ఈ భూమిని ఎలా పంచుకుంటాం. వీటి కింద ఏ తరగతిలో ఏం చెప్పాలో స్కూలే రాసుకుంటుంది. ఒక్కో అంశం మీద ఐదారు వారాలు పడుతుంది, ఏడాదికి ఆరు. అందుకే ఒకే ఊళ్ళో రెండు ఐబీ స్కూళ్ళలో మూడో తరగతి ఒకేలా ఉండదు. ఒకచోట సౌర కుటుంబం చెబుతుంటే, ఇంకోచోట అది నాలుగులో ఉంటుంది.

ఆ రాసుకున్నదంతా ఒకే పెద్ద పట్టికగా ఉంటుంది. దాన్ని 'ప్రోగ్రామ్ ఆఫ్ ఇంక్వైరీ' అంటారు. చాలా స్కూళ్ళలో గోడకు తగిలించి ఉంటుంది, తల్లిదండ్రులు మాత్రం దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోతారు. మీ హోమ్‌రూమ్ టీచర్‌ని (క్లాస్ టీచర్‌నే అలా అంటారు) అడిగి ఆ పట్టికలో మూడో తరగతి వరస ఫొటో తీసుకోండి. టెక్స్ట్‌బుక్కు విషయసూచిక ఎక్కడా అంటే, అదే. గణితానికి, ఇంగ్లీషుకు విడిగా ఏ నెలలో ఏం చెబుతారన్న జాబితా ఉంటుంది, అది కూడా అడగండి. "అలాంటిదేం లేదండీ, పిల్లల ఆసక్తిని బట్టి వెళ్తాం" అన్నారా, అప్పుడు మీరు భయపడటంలో అర్థముంది.

క్లాసులో ఇది ఎలా నడుస్తుందో తెలియాలంటే ఒక యూనిట్ మొత్తం చెప్పాలి. నాకు బాగా ఇష్టమైనది నీళ్ళ యూనిట్, భూమిని పంచుకోవడం అన్న అంశం కింద వస్తుంది. మొదటి రోజు నేను పాఠం చెప్పను. "మీ ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?" అని అడుగుతాను. "ట్యాంకు నుంచి" అంటారు. ట్యాంకులోకి? "మోటారు నుంచి." మోటారులోకి? అక్కడ క్లాసు నిశ్శబ్దం. ఇంటికెళ్ళి కనుక్కుని రమ్మంటాను. మర్నాడు వచ్చే సమాధానాలు వింటే ఊరి నీళ్ళ కథ మొత్తం అందులో ఉంటుంది. ఒకడు వాచ్‌మన్‌ని అడిగి బోరు లోతు రాసుకొచ్చాడు. ఒకమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటుకు రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో సెక్యూరిటీ రిజిస్టర్‌లోంచి రాసుకొచ్చింది. ఇంకొకరింట్లో మంజీరా నీళ్ళు, ఇంకొకరికి కృష్ణా నీళ్ళు. కృష్ణా నది హైదరాబాద్‌లో లేదు కదా మేడమ్, మరి ఎలా వస్తాయి? ఈ ప్రశ్న నేను వేసి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. వాళ్ళలో ఒకరు వేశారు కాబట్టి ఆ రోజు మ్యాపు తీశాం. గోదావరి, కృష్ణా ఎక్కడ, మనం ఎక్కడ, పైపులు ఎంత దూరం రావాలి, ఎత్తు ఎక్కాలంటే పంపులు ఎందుకు. భూగోళం అంతా ఆ ఒక్క పీరియడ్‌లో నడిచింది.

అక్కడినుంచి చరిత్రలోకి వెళ్తాం. 1908లో మూసీ వరద ఊరిని ముంచేసిందని, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి చాలామంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మళ్ళీ అలా జరక్కుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరద ఆపడానికి కట్టినవే తాగడానికి నీళ్ళిచ్చాయి. ఒక సమస్యకు వెతికిన పరిష్కారం ఇంకో అవసరం తీర్చిందన్న సంగతి ఎనిమిదేళ్ళ పిల్లలకు అర్థమవుతుంది, మనం పెద్ద మాటలు వాడకపోతే.

గణితమూ అందులోనే వస్తుంది. ఆ ఏడాది ఒక కుర్రాడు ఇంట్లో కారుతున్న కుళాయి కింద గ్లాసు పెట్టి గడియారం చూశాడు. 200 మిల్లీలీటర్ల గ్లాసు 10 నిమిషాల్లో నిండింది. గంటకు ఆరు గ్లాసులు, అంటే 1,200 మిల్లీలీటర్లు. రోజుకు? ఇరవై నాలుగుతో గుణించడం మూడో తరగతికి పెద్ద లెక్కే, పది గంటలకు ఇంత, మళ్ళీ పది గంటలకు ఇంత, మిగిలిన నాలుగు గంటలకు ఇంత అని విడగొట్టి చేశారు. 28 లీటర్ల 800 మిల్లీలీటర్లు. రోజుకు రెండు బకెట్లకు దగ్గర. ఆ రాత్రే వాళ్ళ నాన్న ప్లంబర్‌ని పిలిచారట. పీవైపీలో దీన్ని 'యాక్షన్' అంటారు. నేర్చుకున్నదాంతో పిల్లవాడు తనంతట తాను ఏదో ఒకటి చేయడం. పోస్టర్ మీద "నీటిని పొదుపు చేద్దాం" అని రాయడం కూడా యాక్షనే అంటారు కొందరు టీచర్లు. నేను ఒప్పుకోను.

తర్వాత ప్లాస్టిక్ సీసా సగానికి కోసి, గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు వేసి బురదనీళ్ళు వడగట్టాం. తేటగా వచ్చాయి. ఒకడు తాగబోయాడు. తేటగా ఉన్న నీళ్ళన్నీ మంచినీళ్ళు కావని, కంటికి కనపడనివి ఉంటాయని, మరగబెట్టడం అందుకేనని చెప్పడానికి అంతకన్నా మంచి క్షణం దొరకదు. చివర్లో ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక పేజీ రిపోర్టు రాశారు, అది ఇంగ్లీషు పాఠం. ఇంత జరిగాక ఇంటికి తిరిగొచ్చిన నోట్‌బుక్కులో ఉండేది నాలుగు పేజీలు. సాయంత్రం "ఇవాళ ఏం చెప్పారు?" అని మీరు అడిగితే "ఏం లేదు, సీసా కోశాం" అంటాడు. మీ భయం అక్కడ పుడుతోంది.

కాబట్టి అలా అడగకండి. "ఇవాళ క్లాసులో ఎవరు మంచి ప్రశ్న వేశారు?" అని అడగండి. అరగంట ఆగకుండా మాట్లాడతాడు.

మూడో తరగతిలో అన్నిటికన్నా పెద్ద మార్పు చదువులో వస్తుంది, అంటే పుస్తకం పట్టుకుని చదవడంలో. రెండో తరగతి దాకా చదవడం నేర్చుకుంటారు. మూడు నుంచి చదివి నేర్చుకోవాలి. ఇక్కడ వెనకబడిన పిల్లలు తర్వాత సైన్సులో, సోషల్‌లో, లెక్కల్లో కూడా వెనకబడతారు, ఎందుకంటే లెక్క చేయాలంటే ముందు లెక్క చదవాలి. గడగడా చదివేస్తున్నాడు కదా అని మురిసిపోకండి. చదివినదాంట్లో రాయనిది పట్టుకుంటున్నాడో లేదో చూడాలి. "రాము తలుపు తీసి, తడిసిన గొడుగు మూలన పెట్టాడు" అన్న వాక్యం చదివించి, బయట వాతావరణం ఎలా ఉంది అని అడగండి. వాన అన్న మాట వాక్యంలో లేదు. "రాయలేదు కదా" అన్నాడంటే ఇంకా సాధన కావాలి.

స్కూలు లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం స్థాయి సరిపోతుందో లేదో చూడటానికి మేం వాడే చిట్కా ఒకటుంది. ఏదైనా ఒక పేజీ తెరిచి చదవమనండి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ మడిచాడంటే ఆ పుస్తకం ఇప్పుడు కష్టం. ఒక్కటీ మడవలేదంటే మరీ తేలిక, సరదాకు చదువుకోవచ్చు. రెండు మూడు అయితే సరిగ్గా సరిపోతుంది.

రాయడంలో ఈ ఏడాది పేరాలు వస్తాయి. ఒక పేరాకు ఒక విషయం, దాని చుట్టూ నాలుగైదు వాక్యాలు. కథ, రిపోర్టు, ఒక పని ఎలా చేయాలో వరసగా చెప్పడం, తన అభిప్రాయం చెప్పి దానికి కారణాలివ్వడం, ఈ నాలుగు రకాలూ చేయిస్తారు. మొదట చిత్తుప్రతి, తర్వాత దిద్దుకోవడం, ఆ తర్వాతే మంచిప్రతి. అందుకే చిత్తుప్రతిలో స్పెల్లింగు తప్పులు టీచర్ ఎర్రపెన్నుతో కొట్టేయకుండా వదిలేస్తుంది. చాలామంది తల్లిదండ్రులు అది చూసి టీచర్‌కి ఇంగ్లీషు రాదనుకుంటారు. మంచిప్రతిలో కూడా తప్పులు అలాగే ఉంటే అప్పుడు అడగండి.

గణితంలో మిగతావి. నాలుగంకెల సంఖ్యల స్థాన విలువ, మూడంకెల కూడికలు తీసివేతలు, దగ్గరి పదికి వందకు సవరించడం, భాగహారం మొదలు, భిన్నాలు, వైశాల్యం, చుట్టుకొలత, నిమిషాలతో సహా గడియారం, గ్రాఫులు. చిన్నాచితకా తేడాలతో ఎక్కడైనా ఇవే, మీ అక్క కొడుకు పుస్తకంలో కూడా చాలావరకు ఇవే. పిల్లలు నిజంగా తడబడేది మూడు చోట్ల.

భిన్నాలు మొదటిది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే క్లాసులో చాలామంది నాలుగో వంతే అంటారు, నాలుగు పెద్దది కదా. ఇంట్లో దోసె వేసినప్పుడు ముగ్గురికి పంచమనండి, ఇంకో దోసె నలుగురికి. ఏ ముక్క కావాలో అడగండి. తిండి దగ్గర ఎవరూ తప్పు చెప్పరు. దోసెతో వచ్చాక సంఖ్యారేఖ మీద సున్నాకు ఒకటికి మధ్య పెట్టించాలి, అది స్కూలు చేస్తుంది.

రెండోది గడియారం. సినిమా 8:45కి మొదలై 10:20కి అయిపోయింది, ఎంతసేపు? పిల్లలు 1020లోంచి 845 తీసేసి 175 తెచ్చి, ఒక గంట డెబ్బై ఐదు నిమిషాలు అని రాస్తారు. తీసివేత సరిగ్గానే చేశారు పాపం, గంటకు నూరు నిమిషాలు లేవంతే. 8:45 నుంచి 9కి పదిహేను, 9 నుంచి 10కి గంట, ఆపైన ఇరవై అని గెంతుతూ వెళ్ళమంటే గంటా ముప్పై ఐదు నిమిషాలని ఇట్టే చెప్పేస్తారు. ముళ్ళ గడియారం ఇంట్లో లేకపోతే ఒకటి కొనండి. ఫోనులో అంకెలు చూసి పెరిగిన పిల్లలకు 'ముప్పావు' అన్న మాటే అర్థం కావడం లేదు.

మూడోది మాటల లెక్కలు. "రవి దగ్గర 24 గోళీలున్నాయి. సీత దగ్గర ఉన్నవాటికన్నా అవి 6 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" 'ఎక్కువ' అన్న మాట కనపడగానే కూడేసి ముప్పై అంటారు. అందుకే రవికి ఒక పొడుగు పట్టీ, సీతకు ఇంకో పట్టీ గీయిస్తారు. ఏది పొడుగో గీస్తే పద్దెనిమిది అని దానంతటదే తెలుస్తుంది. మీవాడి నోట్‌బుక్కులో అడ్డ పట్టీలు కనిపిస్తే కంగారుపడకండి, సింగపూర్ బడుల నుంచి చాలా దేశాలకు పాకిన పద్ధతి అది.

చుట్టుకొలతకు ఒక ఆట చెప్పి ఇది ముగిస్తాను. పన్నెండు అగ్గిపుల్లలిచ్చి దీర్ఘచతురస్రాలు పేర్చమనండి. ఐదుకు ఒకటి పేరిస్తే లోపల ఐదు గళ్ళు, నాలుగుకు రెండు అయితే ఎనిమిది, మూడుకు మూడు అయితే తొమ్మిది. కంచె అంతే, పొలం మారుతోంది. నా క్లాసులో ఒక రైతు మనవడు దీన్ని చూసి "అందుకే తాతయ్య పొడుగు పొలం ముక్క వద్దన్నాడు" అన్నాడు. నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోని ఉదాహరణ.

సైన్సు గురించి ఎక్కువ చెప్పను. మొక్కలు, శరీరం, అయస్కాంతాలు, బలాలు, పదార్థాల లాంటివి యూనిట్లలో కలిసిపోయి వస్తాయి. అసలు నేర్పేది ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడటం. పెసలు రెండు గిన్నెల్లో మొలకెత్తించి ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో పెడతాం. కిటికీలోది పొడుగ్గా పెరుగుతుందని అందరూ రాస్తారు. వారం తర్వాత బీరువాలోదే పొడుగ్గా, పాలిపోయి పసుపుపచ్చగా ఉంటుంది. వెలుతురు కోసం సాగిపోయిందన్నమాట. అనుకున్నది తప్పయినప్పుడు కొట్టేసి మార్చి రాసే పిల్లలుంటారు, వాళ్ళని ఆపి "అలాగే ఉంచు, ఎందుకలా అనుకున్నావో కింద రాయి" అని చెప్పడమే టీచర్ పని. బొమ్మలు, సంగీతం, నాటకం కూడా ఇలాగే ఏదో ఒక యూనిట్‌తో ముడిపడతాయి. మేం ఒక ఏడాది తోలుబొమ్మలాట పెట్టుకున్నాం, అట్టముక్కలతో.

ఇప్పుడు నాకు నిజంగా ఫిర్యాదున్న చోటు. తెలుగు.

తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూలైనా తెలుగు చెప్పాల్సిందే, ఐబీ అయినా సరే. పీవైపీ కూడా ఏడేళ్ళ వయసు నుంచి ఇంకో భాష నేర్పమంటుంది. కాగితం మీద అంతా బాగుంది. వారానికి వచ్చే రెండు మూడు పీరియడ్లలో ముప్పావువంతు ఆటపాటలే అయిన స్కూళ్ళు నేను చూశాను. మూడో తరగతి పూర్తయ్యేసరికి గుణింతాలు, ఒత్తులు వచ్చి, చిన్న కథ కూడబలుక్కోకుండా చదవాలి. స్కూలు మీద వదిలేస్తే చాలామందికి ఇది రావడం లేదు. మీరు రోజూ పది నిమిషాలు చేయించండి. చూచిరాత వద్దు. బయటికి వెళ్ళినప్పుడు షాపుల బోర్డులు, బస్సుల బోర్డులు చదివించండి. అమ్మమ్మకు ఫోనులో రెండు వాక్యాల మెసేజి తెలుగులో పెట్టమనండి. వేమన పద్యం ఒకటి నేర్పి దాని అర్థం మీద వాదించమనండి, వాదించడం వాడికి స్కూల్లో బాగానే నేర్పుతారు.

మార్కుల గురించి అడిగారు. డిసెంబరులో రిపోర్టు వస్తుంది, ర్యాంకుండదు. 'డెవలపింగ్', 'మీటింగ్' లాంటి మాటలుంటాయి. డెవలపింగ్ అంటే ఫెయిలని అర్థం కాదు, ఆ నైపుణ్యం సగం దారిలో ఉందని. అయితే ఒకే నైపుణ్యం రెండు రిపోర్టుల్లోనూ అక్కడే ఆగిపోతే మాత్రం టీచర్‌తో కూర్చోండి. కొన్ని స్కూళ్ళు మూడో తరగతి నుంచి బయటి పరీక్షలు కూడా పెడతాయి, ఐఎస్‌ఏ అనో మ్యాప్ అనో వినే ఉంటారు. మ్యాప్ కంప్యూటర్ మీద రాసేది. సరైన జవాబు చెప్పేకొద్దీ ప్రశ్న కష్టమవుతుంది, తప్పు చెబితే తేలికవుతుంది. దాదాపు సగం తప్పులు రావడం ఆ పరీక్ష కట్టిన తీరు. మొదటిసారి రాసి ఏడుస్తూ ఇంటికొచ్చిన పిల్లలున్నారు, ముందే చెప్పి పంపండి.

మరి ఇంకో విదేశీ బోర్డు, కేంబ్రిడ్జ్ స్కూళ్ళ సంగతేంటని మీరడగలేదు గానీ, రేపు ఎవరో ఒకరు ఇంట్లో ఆ మాట ఎత్తుతారు. వాళ్ళకు సబ్జెక్టులు విడివిడిగా, పుస్తకాలు, వర్క్‌బుక్కులు ఉంటాయి. స్టేజ్ 3 నుంచి స్టేజ్ 6 దాకా (తరగతుల్నే వాళ్ళు స్టేజ్‌లంటారు) ఏటా ప్రోగ్రెషన్ టెస్టులున్నాయి, ఆరు ముగిశాక చెక్‌పాయింట్ అనే పరీక్ష. పుస్తకం లేకపోతే నిద్రపట్టని తల్లిదండ్రులకు అదే నయం. ఇంకోమాట, బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అని రాసుకున్నంతమాత్రాన ఏ స్కూలూ ఐబీ అయిపోదు. ఐబీ వెబ్‌సైట్‌లో స్కూలు పేరు కొట్టి చూడండి, అనుమతి వచ్చిందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. మీరు చేర్పించేశారు కాబట్టి ఆలస్యమే, అయినా చూసుకోండి.

సీబీఎస్‌ఈ కూడా మీరు చదివిన నాటిలా లేదు. కొత్త విద్యా విధానంలో మూడో తరగతి నుంచి ఇంకో దశ మొదలవుతుంది. 2024లో వచ్చిన మూడో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మీ అక్క ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి తిరగేయండి. చేసి చూడమనే పనులు, మాట్లాడమనే బొమ్మలే ఎక్కువ. పుస్తకం అలా ఉన్నా క్లాసులో మాత్రం ఎక్కాల పోటీలే జరుగుతున్నాయంటే అది ఆ స్కూలు సంగతి.

ఇక ఇంట్లో ఎక్కాలకు ఏం చేయాలో చెప్తాను. పది పదుల దాకా మొత్తం నూరు గుణకారాలు. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు వాడికి వచ్చే ఉంటాయి, అవి తీసేయండి. మూడు నాలుగులు, నాలుగు మూడులు ఒకటే కాబట్టి తిరగేసినవి తీసేయండి. మిగిలేవి 21 మాత్రమే. వాటిని 21 చీటీల మీద వాడిచేతే రాయించండి. వారానికి మూడు చీటీలు, రోజుకు ఐదు నిమిషాలు. అన్నం తినేటప్పుడు అడగకండి, నేను మా అమ్మాయికి అదే చేసి దానికి అన్నం మీదా ఎక్కాల మీదా విరక్తి తెప్పించాను. చీటీ చూసి జవాబు రాకపోతే డబ్బాలు గీసుకోనివ్వండి, మర్నాడు అదే చీటీ మళ్ళీ వస్తుంది. ఏడు వారాల్లో అయిపోతాయి, మధ్యలో దసరా సెలవులొచ్చినా దీపావళి దాటగానే పూర్తవుతాయి. ఆఖరున మిగిలేవి ఆరేడులు, ఏడెనిమిదులు, ఎనిమిది తొమ్మిదులు, ప్రతి ఏడాదీ ఇవే.

మీరు రాయని విషయం ఒకటుంది. ఆరులోనో ఎనిమిదిలోనో మళ్ళీ సీబీఎస్‌ఈకి తీసుకొచ్చే ఆలోచన ఉందా? ఉంటే హిందీ, రాత వేగం, గంటల తరబడి కూర్చుని పరీక్ష రాసే అలవాటు ఇప్పటినుంచే చూసుకోవాలి, నా సలహా కూడా కొంత మారుతుంది. బాబుకి స్కూల్లో రెండో భాషగా ఏది ఇచ్చారో కూడా చెప్పండి, అది చూసి రాస్తాను.